మొదటి బేసు దగ్గర తడి

ఆ వేసవిలో నేను మూడుసార్లు పడ్డాను. మూడుసార్లూ మా సొంత ఊరు సెయింట్ ఓడిల్ మైదానంలోనే, మూడుసార్లూ మొదటి బేసు దగ్గరే, మూడుసార్లూ "అవుట్" అనో "సేఫ్" అనో మాట నోట్లోంచి బయటికొస్తుండగానే. మొదటిసారి ఒక మోకాలు ఆనింది. రెండోసారి రెండు మోకాళ్ళూ ఆనాయి. మూడోసారి వెల్లకిలా పడి, ఆకాశంలోకి పిడికిలి ఎత్తి బ్యాటర్ని అవుటిచ్చాను. మూడు తీర్పులూ సరైనవే. ఆ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

పడ్డం మాత్రం అందరికీ పట్టింది. పనీపాటా లేనివాడెవడో మూడు వీడియోలనూ కలిపి కుట్టి, వెనకాల అకార్డియన్ పాట పెట్టి ఊరి మీదికి వదిలాడు. పెట్రోలు బంకులో, బేకరీలో, చివరికి చర్చి మెట్ల మీద కూడా అదే. "ఏమ్మా అంపైరమ్మా, ఈ వారం నేలతల్లికి ఎన్ని ముద్దులు?" అని అడిగేవాళ్ళు. నేనూ తగ్గేదాన్ని కాను. "నువ్వు బీరు తాగి పడేదాంట్లో సగం కూడా పడలేదులే నాయనా," అనేదాన్ని. నవ్వేవాళ్ళు, కానీ నవ్వు అక్కడితో ఆగలేదు.

నా పేరు వెరీనా ష్మీసింగ్. యాభై ఎనిమిదేళ్ళు. బడి ఉన్నన్నాళ్ళూ స్కూలు బస్సు నడుపుతాను, వేసవి వస్తే బేస్‌బాల్ అంపైరింగ్ చేస్తాను. మిన్నెసోటాలో మా వైపు ప్రతి ఊరికీ ఒక చర్చి, ఒక జట్టు ఉంటాయి. ఈ రెంటిలో దేని గురించి మాట్లాడినా జాగ్రత్తగా మాట్లాడాలి. ఇరవై ఆరేళ్ళు జాగ్రత్తగానే మాట్లాడాను. ఈ పనిలో నాకు తెలిసిన విద్య ఒకటే. కాళ్ళు కదులుతుంటే కళ్ళు అబద్ధం చెబుతాయి. అందుకని పరుగెత్తాలి, ఆగాలి, కాలు నాటాలి, చూడాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి.

రెండో, మూడో బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ వైపు నుంచి మొదటి బేసుకు బంతి విసిరినప్పుడు నేను ఆట హద్దు చూపే ఫౌల్ గీత దాటి నాలుగడుగులు లోపలికి వెళ్ళి, ఎడమ కాలు గట్టిగా నాటి నిలబడతాను. అక్కడినుంచైతే బంతి గ్లవ్వులో పడ్డమూ, పరుగెత్తేవాడి కాలు బేసును తాకడమూ రెండూ కనపడతాయి. బేసు మీద కాలుంచిన ఫీల్డరుకి బంతి ముందందితే అవుట్, పరుగెత్తేవాడు ముందు తాకితే సేఫ్. చాలామంది అంత శ్రమ పడరు. గీత బయటే నిలబడి, చెవులతో విని చెబుతారు.

మూడోసారి పడ్డ మర్నాడు, సోమవారం పొద్దున్నే క్లీటస్ వోల్టర్ మా ఇంటి ముందు కారాపాడు. ఏ ఆటకి ఏ అంపైర్ వెళ్ళాలో లిస్టు రాసేది అతనే. ఇద్దరం ఒకే ఏడాది ఈ పనిలోకొచ్చాం. అతని తుంటి ఎముక అరిగి, ఇప్పుడు కుర్చీలో కూచుని మిగతావాళ్ళని పరుగెత్తిస్తున్నాడు.

"కాఫీ వద్దులే," అన్నాడు. కాఫీ వద్దన్నాడంటే వార్త మంచిది కాదన్నమాట.

"చెప్పు మరి."

"ఆదివారం ఫైనల్. మీ ఊరి జట్టు మిల్లర్లకీ, లేక్ ఏగ్నెస్‌కీ. మీ ఊళ్ళోనే. బేసుల దగ్గర నువ్వు, బ్యాటర్ నిలబడే ప్లేటు వెనకాల డేరిక్."

"మంచిదేగా."

"మళ్ళీ పడ్డావనుకో, వచ్చే ఏడాది లిస్టులో నీ పేరుండదు, వెరీనా. నన్ను తిట్టుకోకు. అన్ని ఊళ్ళవాళ్ళూ ఫోన్లు చేస్తున్నారు. ఆవిడకి కాళ్ళు పనిచెయ్యట్లేదు, ఇంక కళ్ళేం పనిచేస్తాయి అంటున్నారు."

"తీర్పు తప్పని ఒక్కడన్నాడా?"

"అనలేదు. కానీ గీత బయటే నిలబడొచ్చుగా? డేరిక్‌ని చూడు, ఎప్పుడన్నా పడ్డాడా?"

"వాడు నిలబడ్డచోట నుంచి బేసూ కనపడదు, బంతీ కనపడదు. ఏదన్నా చూడ్డానికి వెళ్తేగా పడ్డానికి!"

క్లీటస్ నవ్వాడు గానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదు. కారు వెళ్ళిపోయాక చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాను. అంపైరింగ్ లేని వేసవి ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. మోకాళ్ళు వంచి చూసుకున్నాను, బాగానే ఉన్నాయి. బస్సు మెట్లు రోజుకు నలభైసార్లు ఎక్కి దిగే మోకాళ్ళివి. మరి ఆ ఒక్కచోటే కాళ్ళెందుకు జారుతున్నాయి?

గురువారం ఫైనల్ కోసం నల్ల బూట్లు తుడుద్దామని వెనక వసారాలో కూచున్నాను. ఎడమ బూటు అడుగున, పట్టు కోసం ఉండే ముళ్ళ మధ్య, ఎర్రమట్టి గడ్డ కట్టి ఉంది. చాకుతో పొడిస్తే పెంకులా ఊడింది. చేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. పద్దెనిమిది రోజులుగా చుక్క వాన లేదు. మొక్కజొన్న ఆకులు చుట్టలు చుట్టుకుంటున్నాయి. దుమ్ము ఎంత తొక్కినా దుమ్ముగానే ఉంటుంది, ఇలా గడ్డ కట్టదు. ఈ మట్టి బూటుకి అంటినప్పుడు తడిగా ఉండి ఉండాలి.

అప్పుడింకో సంగతి గుర్తొచ్చింది. ఆదివారం సాయంత్రం నేను స్నానం చేసి వచ్చేసరికి నా బూడిదరంగు ప్యాంటు ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. ఆరేసింది మా ఆయన లియాండర్. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో వాషింగ్ మెషీన్ మూత ఎటు తెరుచుకుంటుందో తెలియని మనిషి. ఆ రోజు ముచ్చటపడి ముద్దు కూడా పెట్టాను, తడి మట్టి మరకలు దాస్తున్నాడని తట్టలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బూటుకంటిన మట్టి మాత్రం పట్టించింది.

మిల్లర్ల మైదానం చూసుకునేది లియాండరే. పాల ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేశాక అతనికి వేరే లోకం లేదు. గడ్డి కత్తిరిస్తాడు, గీతలు గీస్తాడు, ఐదో ఇన్నింగ్స్ అయ్యాక దుమ్ము అణగడానికి నేల చదును చేసి నీళ్ళు చల్లుతాడు. అతని నాన్నా అదే పని చేశాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అతను మొక్కజొన్న పొత్తుకి వెన్న రాసుకుంటుంటే, ఆ మట్టిగడ్డ తీసి అతని పళ్ళెం పక్కన పెట్టాను.

"ఏంటిది?" అన్నాడు.

"నువ్వే చెప్పు. మైదానంలో మట్టి నాకంటే నీకే బాగా తెలుసుగా."

పొత్తు కిందపెట్టాడు. అతనికి అబద్ధం చెప్పడం రాదు. చెప్పకుండా ఉండడం మాత్రం బాగా వచ్చు. నేను కదల్లేదు. భోజనాల బల్ల దగ్గర కూడా నేను అంపైర్నే.

"ఓటో అడిగాడు," అన్నాడు చివరికి. ఓటో మిల్లర్ల మేనేజరు. "అవతలివాళ్ళల్లో వేగంగా పరుగెత్తేవాడుంటే, మొదటి బేసుకీ రెండో బేసుకీ మధ్య వాడు బయల్దేరేచోట తడిపెడతాం. లోపల బాగా నానబెట్టి, పైన పొడిదుమ్ము చల్లేస్తా. చూస్తే తెలీదు. పిచ్చర్ బంతి వేస్తుండగానే వాడు రెండో బేసు దొంగిలిద్దామని ఉరికేసరికి మొదటి అడుగు జారుద్ది. మా నాన్నా చేశాడు. అందరూ చేస్తారు, వెరీనా. లేక్ ఏగ్నెస్ వాళ్ళు వాళ్ళ ఊళ్ళో గడ్డి మోకాలిదాకా పెంచరూ?"

"వాళ్ళ గడ్డి సంగతి తర్వాత. నేను కాలు నాటేది కూడా అక్కడే."

"మొదటిసారి నీ బూటు జారిందనుకున్నా."

"రెండోసారి?"

"అనుమానమొచ్చింది."

"మూడోసారి?"

కిటికీలోంచి బయటికి చూశాడు. "మూడోసారి తెలుసు."

నాకు ఏడుపు రాలేదు, మంటెత్తింది. ఊరంతా నవ్వినప్పుడు కూడా అంత మండలేదు. "నన్ను ముసలిదాన్నని ఊరు ఊరంతా అంటుంటే పక్కన కూచుని విన్నావు. క్లీటస్ వాకిట్లో నిలబడి నా పేరు కొట్టేస్తానంటే గ్యారేజీలోంచి విన్నావు. ప్యాంటు మాత్రం ఉతికి పెట్టావు!"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? రిపోర్టు రాస్తావు. ఫైనల్ ముందు జట్టు పరువు..."

"నా పరువు?"

బట్టతల దాకా ఎర్రబడ్డాడు. "ఈసారి చుక్క నీళ్ళు పొయ్యను," అన్నాడు. "ఇప్పుడే వెళ్ళి ఆ చోటు తవ్వి ఎండబెడతా. ఆదివారానికి ఎముకలా ఉంటుంది. మాట."

"చూద్దాం నీ మాట," అన్నాను. క్లీటస్‌కి ఫోన్ చేయొచ్చు, చేయలేదు. చేస్తే, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అనేవాళ్ళు. ఆదివారం నా కాళ్ళ మీద నిలబడి చూపిస్తే చాలనుకున్నాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరంతా మైదానానికి వచ్చింది. సాసేజీల పొగ, బీరు పీపాలు, మూడొందల మంది జనం. ఆటకి ముందు నేలంతా నడిచి చూడ్డం అంపైర్ల పని. మొదటి బేసు దగ్గర మడమతో గట్టిగా తన్నాను. గట్టిగానే ఉంది. బస్సు తాళంచెవి తీసి మట్టిలోకి గుచ్చాను. దానికి పొడిదుమ్ము తప్ప ఏమీ అంటలేదు. అవతల పనిముట్ల గది గుమ్మంలో నిలబడి లియాండర్ నన్నే చూస్తున్నాడు. తలూపాను. అతను టోపీ సర్దుకున్నాడు.

నాలుగు ఇన్నింగ్స్ దివ్యంగా నడిచాయి. లోపలికి నాలుగడుగులు వేశాను, కాలు నాటాను, నిలబడ్డాను. "అంపైరమ్మా, ఇంకా పడలేదే, టికెట్టు డబ్బులు వాపసిస్తారా?" అని ఎవరో అరిచారు. "నువ్వు డబ్బులిచ్చి లోపలికొచ్చావా ఎప్పుడన్నా?" అన్నాను. జనం గొల్లుమన్నారు. ఆ రోజు నేనే రాణిని.

ఐదో ఇన్నింగ్స్ తర్వాత లియాండర్ నేల చదును చేయడానికి వచ్చాడు. అదే సమయానికి ఓటో, ఎన్నడూ లేనిది, చల్లటి నీళ్ళ సీసా తెచ్చి నా చేతిలో పెట్టి మా అమ్మ ఆరోగ్యం అడిగాడు. మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ సంగతి చెప్పి నేను ఇటు తిరిగేసరికి లియాండర్ మొదటి బేసు పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో గొట్టం, గొట్టం చివర్నుంచి నీళ్ళ చుక్కలు. నన్ను చూసి చెయ్యూపాడు.

వెళ్ళి మళ్ళీ మడమతో తన్ని చూడొచ్చు. మూడొందల మంది ముందు మొగుణ్ణి దొంగను చేసినట్టవుతుందని వెళ్ళలేదు. మాటిచ్చాడు కదా అనుకున్నాను. మూడోసారి తెలుసన్నవాడూ ఇతనే కదా అని కూడా అనుకున్నాను.

చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి మూడు మూడుతో సమానంగా ఉన్నారు. లేక్ ఏగ్నెస్ బ్యాటింగ్, ఇద్దరు అవుట్, బేసులన్నీ ఖాళీ. బ్యాటు పట్టింది కోల్బీ రైన్‌హార్ట్. మిల్లర్లు ఎవరిని చూసి నేల తడుపుతారో ఆ కుర్రాడే. మా జిల్లాలో వాడికంటే వేగంగా పరుగెత్తేది కుందేళ్ళే. బంతిని నేలబారుగా షార్ట్‌స్టాప్ వైపు కొట్టి ఉరికాడు.

నేను గీత దాటాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగు దగ్గర ఆ గొట్టం గుర్తొచ్చింది. తడిగా ఉందేమో అనుకున్నాను. కాలు నాటలేదు, ఆనించానంతే. గుడ్ల మీద నడిచేదానిలా సగం బరువు వెనకే ఉంచుకున్నాను. ఆ సగం బరువు నన్ను ముంచింది. కాలు మెలికపడి బోర్లా, ఛాతీ నేలకి ఆనేలా పడ్డాను.

కానీ కళ్ళు మూసుకోలేదు. గడ్డం దుమ్ములో ఉంది, బేసు నా కళ్ళకి సమానంగా ఉంది. బంతి గ్లవ్వులో చప్పుడు చేసింది. అదే క్షణంలో బంతి అందుకున్న ఫస్ట్ బేస్‌మన్ బూటుకీ బేసుకీ మధ్య రెండు వేళ్ళంత సందులోంచి అవతలి గడ్డి కనపడింది. ఆ తర్వాత కోల్బీ కాలు బేసు మీద పడింది. బంతిని అందుకోవడానికి సాగి, ఫస్ట్ బేస్‌మన్ కాలెత్తేశాడు. నిలబడి ఉంటే ఆ సందు నాకు కనపడేదో లేదో దేవుడికే తెలియాలి.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. పడుకున్నచోటే రెండు చేతులూ చాచి, ఊపిరంతా పెట్టి అరిచాను. "సేఫ్! కాలు బేసు మీద లేదు! సేఫ్!"

ఊరంతా లేచింది. ఓటో టోపీ నేలకేసి కొట్టి పరుగున వచ్చాడు. "మట్టిలో మొహం పెట్టుకుని ఏం చూశావు నువ్వు? పురుగుల్నా?" ఆ వెనకాల జనం కూచునే మెట్ల మీద క్లీటస్ కూచుని ఉన్నాడు. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. నా పేరు కొట్టేసినట్టేనని అర్థమైంది.

అప్పుడు లియాండర్ పరుగెత్తుకొచ్చాడు. అరవై ఒక్కేళ్ళ మనిషి, చేతిలో నేల చదును చేసే పళ్ళకర్ర, ఒగురుస్తూ, మైదానం మధ్యలోకి. "ఆవిడ తప్పు కాదు!" అని అరిచాడు. "నేనే తడిపా! అక్కడ, ఆవిడ నిలబడేచోట! లోపల నీళ్ళు పోసి పైన దుమ్ము చల్లా! ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నా. ఈ వేసవంతా చేశా. ఆవిడ పడ్డ ప్రతిసారీ నా వల్లే పడింది. ఇవాళ కూడా!"

మూడొందల మంది ఒక్కసారి నోరు మూసుకోవడం నేను చర్చిలో కూడా చూడలేదు. ఓటో మొహం బీట్‌రూట్ అయింది. లేక్ ఏగ్నెస్ మేనేజరు నోటికొచ్చింది తిడుతూ బయల్దేరాడు. నేను లేచి మోకాళ్ళ మీద కూచున్నాను. నా అరచేతుల కింద మట్టి వెచ్చగా, పొడిగా, ఎముకలా ఉంది. మిగతా నేలంతా చల్లినా ఈ చోటు వదిలేసి, అతను మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు నా కోసం ఊరందరి ముందూ దొంగనని ఒప్పుకుంటూ, చివరి ముక్క మాత్రం అబద్ధం చెబుతున్నాడు. జీవితంలో మొదటిసారి.

కానీ అంపైర్‌కి అక్కడ ఏడవడానికి వీల్లేదు.

"పరుగెత్తినవాడు సేఫ్," అన్నాను లేచి నిలబడి. "ఓటో, వెళ్ళి కూచో. మీరూ వెళ్ళండి సార్, ఫిర్యాదు రాసివ్వండి, తీసుకుంటా. లియాండర్ ష్మీసింగ్, ఆట జరుగుతుంటే లోపలికొచ్చావు. మైదానం బయటికి నడు."

"నన్నా?" అన్నాడు.

"నిన్నే." వేలు గేటు వైపు చూపించాను. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నేను మొగుణ్ణి గెంటేసింది ఆ ఒక్కసారే. కర్ర భుజాన పెట్టుకుని వెళ్ళాడు. వెళుతూ కొంచెం నవ్వాడు కూడా.

ఆట మళ్ళీ మొదలైంది. రెండో బంతికే కోల్బీ రెండో బేసు కోసం ఉరికాడు. సరిగ్గా ఆ చోటు నుంచే. వాడి మొదటి అడుగు కింద దుమ్ము పొగలా లేచింది. కాలు వెంట్రుకవాసి కూడా జారలేదు. నేను పరుగెత్తాను, ఆగాను, కాలు నాటాను, చూశాను. "సేఫ్!" ఈసారి నిలబడే చెప్పాను. తలతిప్పి చూస్తే క్లీటస్ మెట్ల మీద లేచి నిలబడి ఉన్నాడు. నన్ను చూడట్లేదు, ఆ లేచిన దుమ్మునే చూస్తున్నాడు. తర్వాతి బ్యాటర్ ఒక్క దెబ్బ కొట్టాడు, కోల్బీ బేసులన్నీ చుట్టి ప్లేటు దాకా వచ్చేశాడు, ఒక పరుగు. మిల్లర్లు తమ వంతులో ఏమీ చెయ్యలేక నాలుగు మూడుతో ఓడిపోయారు.

జనం పలచబడ్డాక క్లీటస్ కుంటుకుంటూ మొదటి బేసు దగ్గరికి వెళ్ళాడు. చేతికర్రతో పొడిచాడు, మడమతో తన్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"పొడిగా ఉంది, వెరీనా."

"తెలుసు."

"నీ మొగుడు తడిపానన్నాడే?"

"మొదటి మూడుసార్లూ తడిపాడు. అది నిజం, రాసిస్తాడు. ఇవాళ తడపలేదు. మూడుసార్లు పడ్డం వాళ్ళ వల్ల, నాలుగోసారి నా వల్ల."

అతను నా మొహంలోకి చూశాడు. ఊరుకుని ఉంటే నాలుగూ లియాండర్ ఖాతాలోకే పోయేవి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"మరెందుకు పడ్డావు? మోకాలా?"

"మోకాలు కాదు. నేల తడిగా ఉందేమోనని సగం కాలే వేశా. మా ఆయన మాట నమ్మలేకపోయా."

క్లీటస్ ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. ఎవరో అప్పుడే పంపిన వీడియో. నేను బోర్లా పడి ఉన్నాను, నా ముందు ఫస్ట్ బేస్‌మన్ కాలు గాల్లో ఉంది. "మెట్ల మీంచి నేను అవుటనుకున్నా," అన్నాడు. "డేరిక్ కూడా అవుటనే అనుకున్నాట్ట. చూసింది నువ్వొక్కదానివే." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఇరవై ఆరేళ్ళల్లో సొంతంగా పడ్డది ఒక్కసారి. నేను మొన్న బాత్రూంలోనే రెండుసార్లు పడ్డా. మే నెల మొదటి ఆదివారం ఖాళీగా ఉంచుకో. ఈ ఊళ్ళో వద్దులే, ఇంకెక్కడైనా వేస్తా."

"ఈ ఊళ్ళోనే వెయ్యి," అన్నాను.

లియాండర్ గేటు బయట ట్రక్కులో కూచుని ఉన్నాడు. మైదానం తాళాలు అప్పటికే ఓటో తీసేసుకున్నాడట. వేరే మనిషిని చూసుకుంటామన్నారట. అతని చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. ఆ తాళాలు అంతకుముందు అతని నాన్న దగ్గర ఉండేవి.

"క్లీటస్‌కి చెప్పేశా," అన్నాను ఎక్కి కూచుంటూ. "ఇవాళ నువ్వు తడపలేదని."

"అయ్యో, ఎందుకు చెప్పావు? నేను ఒప్పుకున్నాగా!"

"నువ్వు నిలబెట్టుకున్న మాట ఒకటుంది. అది ఊరికి తెలియకపోతే ఎలా?"

టోపీ కళ్ళ మీదికి లాక్కుని ట్రక్కు స్టార్ట్ చేశాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను.

ఇంటికొచ్చాక వెనక వసారాలో ప్యాంటు విప్పి గౌను తొడుక్కున్నాను. మోకాళ్ళ నుంచి నడుం దాకా మట్టి. లియాండర్ వచ్చి చెయ్యి చాపాడు. "ఇటివ్వు, మెషీన్లో వేస్తా. ఇప్పుడు మూత తియ్యడం వచ్చు నాకు."

"నీళ్ళక్కర్లేదు," అన్నాను. "పొడిదుమ్మేగా. దులిపితే చాలు."

ఒక కొస అతను పట్టుకున్నాడు, ఒక కొస నేను పట్టుకున్నాను. మెట్ల మీద నిలబడి ఇద్దరం దులిపాం.